ఇంజన్ ఎక్కించడం ఒక్క పూట పని

పాత కారులోంచి ఇంజన్ దించి, గుజిరీలో కొన్న ఇంకో ఇంజన్ ఎక్కించడానికి ఒక్క పూట చాలు. నలుగురు మనుషులు, ఒక చైన్ బ్లాకు, కాస్త నీడ ఉంటే పొద్దుగూకేలోపు కొత్త ఇంజన్ బానెట్ కింద కూర్చుంటుంది. ఫొటో తీసుకుంటారు, టీ తాగుతారు, పనైపోయిందనుకుంటారు. ఆ తర్వాత బండి నెలల తరబడి అక్కడే ఉంటుంది.

అనంతపురం జిల్లా పల్లెల్లో వేపచెట్టు కింద బానెట్ విప్పి నిలిపేసిన జీపో, అంబాసిడరో కనబడటం కొత్త కాదు. దగ్గరికెళ్లి చూడండి. చాలాసార్లు లోపల ఇంజన్ ఉంటుంది. క్లచ్ కనెక్షన్ కుదరక ఆగి ఉంటుంది. లేదా రేడియేటర్ హోసు సైజు కలవలేదు, సైలెన్సర్ పైపు స్టీరింగుకు తగిలింది, వైర్లలో ఏది ఎక్కడిదో మరిచిపోయారు. బరువైన పని చేసినవాళ్లే తేలికైన పని దగ్గర ఆగిపోయారు.

మనుషుల సంగతీ ఇంతే. ఆగిపోయినవాళ్లలో ఎక్కువమంది శక్తి లేక ఆగలేదు. ఆ జిల్లాలోనే ఉన్న శింగనమల నుంచి బెంగళూరుకు ఉద్యోగానికి వెళ్లి మూడు నెలలకే తిరిగొచ్చిన కుర్రవాణ్ణి అడగండి. పని చేతకాక రాలేదు. గది అడ్వాన్సుకు డబ్బు సరిపోలేదు, రెండు బస్సులు మారాల్సి వచ్చింది, మేనేజరు చెప్పింది అర్థం కాకపోతే మళ్లీ అడగడానికి మొహమాటపడ్డాడు. చదువు ఉంది, ఓపిక ఉంది. వాటిని రోజువారీ బతుక్కు కలిపే చోట్లు మాత్రం ఎవరూ ముందుగా చూడలేదు. ఇంటి ముందు కారు ఇంజన్ మార్చాలనుకునే అబ్బాయికో అమ్మాయికో చెప్పే మాటలుగా ఇది రాస్తున్నాను. కారు లేనివాళ్లు కూడా చదవండి.

బాగుచేసుకోవడం శింగనమలకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. ఇక్కడ ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే వాన. నైరుతి రుతుపవనాల తడి పడమటి కనుమల్లోనే చాలావరకు కురిసిపోతుంది. ఈశాన్య రుతుపవనాల వాన అందాలంటే మనం సముద్రానికి దూరం. మిడ్ పెన్నార్ డ్యామ్ నుంచి నీళ్లు వదిలితే చెరువుకు ధీమా, లేకపోతే బోర్లే దిక్కు. ఏప్రిల్ ఎండలో చీనీ తోటకు నీళ్లు కడుతుండగా మోటారు కాలిపోతే చెట్లు కొత్త మోటారు వచ్చేదాకా ఆగవు. ఆ రాత్రే పైపులు పైకి లాగాలి, తెల్లారేసరికి రీవైండింగ్ షాపు ముందు ఉండాలి. ఇంత తొందరలో, ఇంత తక్కువ డబ్బుతో పని పూర్తిచేసే జనం దేశంలో చాలాచోట్ల ఉండరు. పాతది బాగుచేసుకుంటున్నామని సిగ్గుపడే యువకులు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఉమ్మడి అనంతపురం జిల్లాలోనే, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో మొదలైంది. అప్పట్లో ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం. ఇప్పుడా ఊరు శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. అలాంటి చోట ఉద్యోగం కోరుకోవడం మంచిదే. అయితే అసెంబ్లీ లైనులో ఒకరికి ఒక చోటు, ఒక పని. ఇంటి దగ్గర ఒక ఇంజన్‌ను మొదటినుంచి చివరిదాకా మార్చినవాడు మొత్తం బండిని చూసినవాడు. ఐటీఐలో రెండేళ్ల మోటార్ మెకానిక్ ట్రేడు చదువుతున్నవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే: సర్టిఫికెట్టుతోపాటు, మీ చేత్తో పూర్తయిన పని ఒక్కటైనా చూపించగలగాలి. మొదలుపెట్టినవి ఎన్ని ఉన్నా లెక్కలోకి రావు.

*పాత ఇంజన్ నిజంగా పోయిందా?*

"ఇంజన్ పోయిందిప్పా, మార్చేయి" అని ఎవరో అంటారు. పొగ కొడుతోంది, బండి లాగట్లేదు, అంతే వాళ్ల ఆధారం. మీరు ఆ మాట మీద డబ్బు పెట్టకండి. పొగ రంగు చూడండి. నీలం పొగ అయితే ఆయిల్ కాలుతోంది. నల్ల పొగ అయితే పెట్రోలు ఎక్కువ పోతోంది, అది కార్బొరేటర్ దగ్గర సర్దుకునే పని కావచ్చు. ఆగకుండా తెల్ల పొగ వస్తూ రేడియేటర్లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. ఆయిల్ పోసే మూత విప్పి లోపలి వైపు చూడండి. మజ్జిగలా తెల్లటి నురగ పట్టి ఉంటే నీళ్లు ఆయిల్‌లో కలుస్తూ ఉండొచ్చు.

తర్వాత కంప్రెషన్ టెస్టు. ఇంజన్ వేడెక్కాక ప్లగ్గులన్నీ విప్పి, ఇగ్నిషన్ కనెక్షన్ తీసేసి, ఒక్కో సిలిండర్‌కు గేజి పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. నాలుగు సిలిండర్లూ దగ్గర దగ్గరగా చూపిస్తే ధైర్యం. ఒకటి బాగా తక్కువ చూపిస్తే అక్కడ ఆగిపోకండి. ఆ సిలిండర్లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ కొట్టండి. రీడింగ్ పెరిగితే పిస్టన్ రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వుల్లోనో గ్యాస్కెట్‌లోనో లీకు ఉంది. రింగులంటే ఇంజన్ విప్పాల్సిన పెద్ద పని. గ్యాస్కెట్ అంటే హెడ్ ఎత్తి, లేత్ షాపులో చదును చేయించి, తిరిగి బిగించే పని. రెండింటి ఖర్చుకూ పోలికే లేదు.

ఆ చెంచా ఆయిల్ మీద నాకు చాలా గౌరవం. మొదటి పరీక్ష లోపం ఉందని మాత్రమే చెబుతుంది. లోపం ఏమిటో చెప్పేది రెండో పరీక్ష. ఇంటర్‌లో లెక్కల పరీక్ష తప్పిన పిల్లవాడికి "లెక్కలు రావు" అని ముద్ర వేసి గ్రూపు మార్పించే తల్లిదండ్రులు మొదటి రీడింగ్ దగ్గరే ఆగినవాళ్లు. వాడికి లెక్కలు రావా, లేక తొమ్మిదో తరగతిలో తప్పిపోయిన ఒక పాఠం వల్ల పైవన్నీ కూలుతున్నాయా? ఒక సాయంత్రం పక్కన కూర్చుంటే తెలుస్తుంది. ఉద్యోగం మానేద్దామనుకుంటున్నవాళ్లు కూడా ఆ సాయంత్రం తమకోసం కేటాయించుకోవాలి. మార్చాల్సింది ఉద్యోగమా, షిఫ్టా, కూర్చునే చోటా?

*కుదిరేదా, గొప్పదా?*

పరీక్షలన్నీ చేశాక కూడా ఇంజన్ మార్చక తప్పదనుకుందాం. శింగనమల నుంచి వెతికేవాళ్లకు బెంగళూరు శివాజీనగర్ గుజిరీ దగ్గర. చెన్నై పుదుపేట, విజయవాడ ఆటోనగర్ కూడా ఉన్నాయి. వెళ్లగానే కంటికి ఆనేది పెద్ద ఇంజన్. అంత పవరు, అంత తక్కువ ధర! మనసు అటే లాగుతుంది.

ఇక్కడ పాత అంబాసిడర్ కథ గుర్తుచేసుకోవాలి. దశాబ్దాల పాటు ఆ కారు 1489 సీసీ పెట్రోలు ఇంజన్‌తోనే నడిచింది. 1990లలో హిందుస్థాన్ మోటార్స్ దానికి జపాన్ ఇసుజు వారి 1.8 లీటర్ల ఇంజన్ పెట్టింది. అదే ఇంజన్ అప్పటికే ఆ కంపెనీ కాంటెస్సా కారులో ఉంది. గమనించాల్సింది ఏమిటంటే కంపెనీ ఇంజన్ ఒక్కటే మార్చలేదు, దాంతోపాటు ఐదు గేర్ల బాక్సూ వచ్చింది. శక్తి పెంచినప్పుడు ఆ శక్తిని మోసేవీ ఆపేవీ కూడా చూసుకోవాలి.

జీపు కథ ఇంకా మనకు దగ్గర. మహీంద్రా మొదట్లో కూర్చిన జీపులు పెట్రోలువి. 1973లోనూ 1979లోనూ ప్రపంచమంతా చమురు ధరలు ఎగిశాయి. పెట్రోలు జీపు నడపడం మోయలేని ఖర్చయింది. చాలామంది యజమానులు డీజిల్ ఇంజన్ల వేటలో పడ్డారు. దొరికిన ఇంజన్‌కూ ఉన్న గేర్ బాక్సుకూ బోల్టు రంధ్రాలు కలవకపోతే లేత్ షాపులో మందపాటి ఇనుప పలక కోయించి, మధ్యలో అడాప్టర్‌గా పెట్టించుకున్నారు. 1979లో మహీంద్రా కంపెనీ కూడా ఫ్రాన్స్ ప్యూజో దగ్గర ఎక్స్‌డీపీ 4.90 డీజిల్ ఇంజన్‌కు లైసెన్సు తీసుకుంది. ఆ పలక కోసిన లేత్ మేస్త్రీల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. వాళ్లు లేకపోతే ఇంజన్ ఎంత గొప్పదైనా అది ఇనుము ముద్దే.

క్యూబాలో దేశమంతా ఇదే పని చేసింది. 1960ల మొదట్లో అమెరికా వ్యాపారం ఆపేసింది, విడిభాగాలు రావడం నిలిచిపోయింది. 1950ల నాటి షెవ్రొలెట్‌లలో, ఫోర్డులలో సోవియట్ బళ్ల ఇంజన్లు పెట్టి నడిపారు. ఇప్పటికీ హవానా వీధుల్లో అవి తిరుగుతున్నాయి. అక్కడివాళ్లు అతి పెద్ద ఇంజన్ కోసం కాచుకుని కూర్చోలేదు. దొరికినవాటిలో కుదిరేదాన్ని ఎంచుకున్నారు.

నా సలహా సూటిగా చెబుతాను. ఇంట్లో మొదటిసారి చేస్తున్నవాళ్లు మీ బండి మోడల్‌కు వచ్చిన రకం ఇంజనే తీసుకోండి. దీనికి చట్టం కూడా కారణం. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలకూ తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకూ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని గట్టిగా చెప్పింది. అదే రకం ఇంజన్ అయినా నంబరు మారుతుంది కదా, కాబట్టి కొనకముందే ఆర్టీవో ఆఫీసుకు వెళ్లి ఏం కాగితాలు కావాలో రాయించుకుని రండి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆపైన ఐదేళ్లకోసారి రెన్యువల్. అది అయిపోయిన బండికి ముందు ఆ సంగతి తేల్చుకోవాలి. అమ్మేవాడి దగ్గర బిల్లు, ఇంజన్ తీసిన బండి కాగితాల నకలు అడగండి. ఇంజన్ మీద నంబరు గీకేసి ఉంటే ధర ఎంత తక్కువైనా వెనక్కి తిరగండి. ఆఫీసుకు వెళ్లడం విసుగు కాబట్టి చివరికి వాయిదా వేసేవాళ్లే ఎక్కువ. నడిచే బండి రోడ్డెక్కడానికి వీల్లేక చెట్టు కిందే ఉండిపోయేది అందుకే.

గుజిరీలో మాటలు తీయగా ఉంటాయి. "నిన్నటిదాకా రోడ్డు మీద తిరిగిందే అన్నా, కళ్లు మూసుకుని తీసుకో" అంటాడు. వాడితో గొడవ పడక్కర్లేదు, అనుమానంగా మాట్లాడక్కర్లేదు. "సరే అన్నా, ఒకసారి తిప్పి చూస్తా" అని క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా పెట్టండి. ప్లగ్గులు తీసేసి పూర్తిగా రెండు చుట్లు తిప్పండి. ఎక్కడైనా పట్టేసినా, లోపల గరగరమన్నా వదిలేయండి. డిప్‌స్టిక్ లాగి ఆయిల్ వేళ్ల మధ్య రుద్ది చూడండి, మెరిసే రజను తగిలితే బేరింగులు అరుగుతున్నట్టు. మర్యాదగా మాట్లాడుతూనే పరీక్ష మానకుండా ఉండటం పెద్ద విద్య. పెళ్లి సంబంధాల్లో, భూమి కొనుగోళ్లలో, చిట్టీల్లో మనవాళ్లు పోగొట్టుకున్నదంతా అడిగితే ఏమనుకుంటారోనన్న మొహమాటంలోనే పోయింది.

*జాబితా ముందు, పానా తర్వాత*

పాత ఇంజన్ బండిలో ఉండగానే ఒక నోటుపుస్తకం తీయండి. ఇంజన్‌కూ బండికీ మధ్య కలిసే ప్రతిచోటూ రాయండి. ఫౌండేషన్లు, క్లచ్ కనెక్షన్, యాక్సిలరేటర్ కేబుల్, చోక్ కేబుల్, పెట్రోలు పైపు, రేడియేటర్ పై హోసు, కింది హోసు, సైలెన్సర్ జాయింటు, సెల్ఫ్ మోటారు వైరు, డైనమో వైర్లు, ఆయిల్ ప్రెషర్ లైటు వైరు, టెంపరేచర్ మీటరు వైరు, ఎర్త్ పట్టీ. ప్రతిదాని పక్కన ఒకే మాట: ఉంది, కొనాలి, లేదా చేయించాలి. ఈ జాబితా ఇంజన్ కొనే ముందే తయారవ్వాలి. ఉన్న డబ్బంతా ఇంజన్‌కే పెట్టేస్తే హోసుకు, గ్యాస్కెట్‌కు, లేత్ పనికి చేతిలో ఏమీ మిగలదు. అందుకే చేతిలో ఉన్నదాంట్లో సగం మించి ఇంజన్‌కు పెట్టవద్దంటాను.

బెంగళూరు వెళ్లే కుర్రవాడు ఇలాంటి పేజీ ఒకటి రాసుకుని ఉంటే? గది, బస్సు పాసు, మొదటి రెండు నెలల తిండి ఖర్చు, తెలియనిది అడగడానికి ఆఫీసులో ఒక మనిషి, జ్వరం వస్తే వెళ్లే చోటు. రాయడానికి అరగంట పట్టేది.

విప్పేటప్పుడు మీ జ్ఞాపకశక్తిని నమ్మకండి. ప్రతి వైరుకూ రెండు చివర్లా తెల్ల టేపు చుట్టి ఒకే నంబరు వేయండి. ఫోన్లో ఫొటోలు తీయండి, దూరం నుంచి ఒకటి, దగ్గరినుంచి ఒకటి. విప్పిన బోల్టును వీలైతే అదే రంధ్రంలో రెండు చుట్లు బిగించి వదలండి. పాత మేస్త్రీలు ఇదే చేస్తారు. సాయంత్రం పని ఆపేటప్పుడు రేపు పొద్దున మొట్టమొదట పట్టుకోవాల్సింది ఏమిటో నోటుపుస్తకంలో ఒక్క వాక్యం రాయండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక వాయిదా పడే పనులు మనకు చాలా ఉన్నాయి. ఆ ఒక్క వాక్యం వాయిదాను ఆపుతుంది.

ఎత్తేటప్పుడు పరికరం కోసం అనంతపురం దాకా పోనక్కర్లేదు. బోరు మోటార్లు పైకి తీసే కుర్రాళ్ల దగ్గర మూడు కాళ్ల స్టాండు, చైన్ బ్లాకు ఉంటాయి. వందల అడుగుల పైపులు లాగే చేతులకు కారు ఇంజన్ పెద్ద లెక్క కాదు. "మామా, ఆదివారం రెండు గంటలు స్టాండు కావాలి, నువ్వూ రావాలి" అని అడగండి. అడగడంలో చిన్నతనం లేదు. కూలి ఇవ్వండి, స్టాండు తుడిచి తిరిగి ఇచ్చేయండి. భద్రత విషయంలో మాత్రం ఎవరి మాటా వినకండి. ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయాలి, పెట్రోలు దూరంగా పెట్టాలి, చక్రాలకు రాళ్లు అడ్డం వేయాలి. జాకీని నమ్మి బండి కింద దూరకూడదు. వేలాడే ఇంజన్ క్వింటాలుకు పైనే ఉండొచ్చు, దాని కింద చెయ్యి కూడా పెట్టకూడదు. పిల్లలు ఆ చుట్టుపక్కల ఉండకూడదు.

ఇంజన్ బయట ఉండగానే వెనక ఆయిల్ సీలు, క్లచ్ బేరింగు, వాటర్ పంపు, పాతబడిన ఫౌండేషన్ రబ్బర్లు మార్చేయండి. బయట ఉన్నప్పుడు కాసేపట్లో అయ్యే పనికి, లోపల పెట్టాక మళ్లీ ఇంజన్ దించాల్సి రావచ్చు.

ఇంజన్‌ను గేర్ బాక్సుకు కలిపే ఘట్టం అసలు పరీక్ష. క్లచ్ ప్లేటు సరిగ్గా నడిమధ్యలో ఉంటేనే గేర్ బాక్సు షాఫ్టు లోపలికి జారుతుంది. ఒక వేలెడు దూరంలో ఆగిపోతుంది చూడండి, అప్పుడు ప్రతివాడికీ ఒకటే ఆలోచన: బోల్టులు పెట్టి బిగిస్తే అదే లాక్కుంటుంది. అలా చేసి క్లచ్ ప్లేటు వంచుకున్నవాళ్లు, గేర్ బాక్సు చెవులు విరగ్గొట్టుకున్నవాళ్లు ఎందరో. చేత్తో కదలనిది బోల్టుతో లాగకూడదు. వెనక్కి తీయండి, ప్లేటు మధ్యలో ఉందో లేదో పాత షాఫ్టుతో సరిచూడండి, ఇంజన్ వాలు సరిచేయండి, మళ్లీ ప్రయత్నించండి. కోపంతో ఉన్నవాళ్లు ఈ పని చేయలేరు. కోపం వస్తే పానా కింద పెట్టి ఊరి చివరి దాకా నడిచి రండి. మాట వినని కొడుకుతో, కలిసిరాని భాగస్వామితో బలవంతం చేసే ముందు కూడా ఆ నడక అవసరం. చాలాసార్లు ఎదుటి మనిషి మొండితనం కాదు, మనం చెప్పే తీరు వాలు తప్పి ఉంటుంది.

ఇక ఎర్త్ పట్టీ. అరచెయ్యంత పొడవున్న వైరు. ఇంజన్‌కూ ఛాసిస్‌కూ మధ్య ఉంటుంది. దీన్ని మరిచిపోయి సెల్ఫ్ కొడితే మోటారు తిరగదు, లేదా బలహీనంగా మూలుగుతుంది. కరెంటు దారి వెతుక్కుంటూ చోక్ కేబుల్ గుండానో క్లచ్ కేబుల్ గుండానో పోతుంది, ఆ కేబుల్ వేడెక్కి పొగలు వస్తాయి. కొన్నది మోసమని గుజిరీవాణ్ణి తిట్టుకుంటూ ఇంజన్ మళ్లీ దించేవాళ్లున్నారు. జాబితాలో ఆఖరి అంశం కాబట్టి అక్కడికి వచ్చేసరికి ఓపిక అయిపోతుంది. అందుకే నా మాట వినండి, జాబితాను ఈసారి కిందినుంచి పైకి చదవండి.

రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయకండి. మన బోరు నీళ్లు కాచిన గిన్నెలో తెల్లగా పట్టే ఉప్పే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ పడుతుంది. మే నెల ఎండలో ఇంజన్ కాగిపోతే తప్పు ఇంజన్‌ది కాదు. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ కలిపి పోయండి.

స్టార్ట్ చేసే ముందు ప్లగ్గులు తీసేసి, ఇగ్నిషన్ కనెక్షన్ లేకుండా, ఆయిల్ ప్రెషర్ లైటు ఆరేదాకా ఆగి ఆగి సెల్ఫ్ కొట్టండి. పొడిగా ఉన్న బేరింగులకు ముందు ఆయిల్ అందాలి. తర్వాత ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేయండి. ఊరంతా చూస్తున్నారని యాక్సిలరేటర్ తొక్కకండి. ఒకరు టెంపరేచర్ మీటరు చూడాలి, ఒకరు టార్చి పట్టుకుని కింద చుక్కలు పడుతున్నాయేమో చూడాలి. ఇరవై నిమిషాలు నడిపి ఆపేయండి. చల్లారాక హోసు క్లిప్పులు మళ్లీ బిగించండి, నీళ్లు, ఆయిల్ మట్టం చూడండి. ఆర్సీలో కొత్త ఇంజన్ నంబరు ఎక్కాక, ఇన్సూరెన్సు వాళ్లకు తెలియజేశాక రోడ్డు మీదికి తీయండి. మొదట ఖాళీ రోడ్డు మీద బ్రేకులు పరీక్షించండి. తొలి 500 కిలోమీటర్లకే ఆయిల్, ఫిల్టరు మార్చేయండి. ఫౌండేషన్ బోల్టులన్నింటికీ మరోసారి పానా వేయండి. అవి ఒక్కసారి బిగిస్తే నిలిచేవి కావు.